ఉక్కు ఉష్ణచికిత్సకు ఆన్‌లైన్ గణన సేవలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- ఉష్ణచికిత్స ఫలితాలను లెక్కించి చెప్పే సేవల వెనక ఉన్న సూత్రాలను గుర్తించగలుగుతారు.
- ఆ సూత్రాలు ఏ హద్దుల్లో పనిచేస్తాయో వివరించగలుగుతారు.
- లెక్కలో వచ్చిన అంకెకు, పరీక్షలో వచ్చిన అంకెకు ఉన్న తేడాను చర్చించగలుగుతారు.
- మంచి గణన సేవకు ఉండవలసిన లక్షణాలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఉక్కును వేడిచేయడం, చల్లార్చడం, టెంపరింగ్ చేయడం గురించి గత పాఠాల్లో చదివారు. ఆస్టెనైట్, పెరలైట్, మార్టెన్‌సైట్ అనే పేర్లు ఈపాటికి మీకు పరిచయమే. ఈ పాఠంలో కొత్త లోహశాస్త్రం పెద్దగా లేదు. ఇందులో మనం ఒక సాధనాన్ని పరీక్షకు పెడతాం.

ఉక్కు రసాయన సంఘటనం, ముక్క వ్యాసం, చల్లార్చే ద్రవం, టెంపరింగ్ ఉష్ణోగ్రత, కాలం. వీటిని గడుల్లో నింపితే కాఠిన్యత ఇంత, తన్యతా బలం ఇంత అని కొన్ని సెకన్లలో చెప్పే గణన సేవలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. కొన్నింటిని ఉక్కు కంపెనీలు తమ కొనుగోలుదారుల కోసం నడుపుతున్నాయి. కొన్నింటిని విశ్వవిద్యాలయాలు అందుబాటులో ఉంచాయి. మరికొన్నింటిని ఎవరు తయారు చేశారో, ఏ సూత్రం వాడారో చూసేవారికి తెలియదు.

దూరవిద్యలో చదివేవారికి వీటి మీద ఆసక్తి కలగడం సహజం. మీలో చాలామందికి కొలిమి, కాఠిన్య పరీక్షా యంత్రం సంవత్సరంలో కొద్ది రోజులే అందుబాటులో ఉంటాయి. మరికొందరు బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పనిచేస్తూ చదువుకుంటున్నారు. మొదటివారికి ఈ సేవ ప్రయోగశాలకు బదులుగా కనిపిస్తుంది. రెండోవారికి జేబులో ఉన్న ఇంజనీరులా కనిపిస్తుంది. సంపర్క తరగతుల్లో ఈ రెండో రకం విద్యార్థుల నుంచి తరచు వచ్చే ప్రశ్న ఒకటుంది: “సార్, ఫోన్లో 54 వచ్చింది, ముక్క మీద 47 వచ్చింది. దేన్ని నమ్మాలి?”

ముక్కనే నమ్మాలి. దానికి ఎవరూ ఆలోచించనక్కర్లేదు. ఫోన్లో 54 ఎందుకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు తెలిస్తేనే ఆ సేవను సరిగా వాడుకోగలం. ఈ పాఠంలో నేను నిలబెట్టదలచిన వాదం ఇది: గణన సేవను అది ఇచ్చే జవాబును బట్టి కాక, మనల్ని అడిగే ప్రశ్నలను బట్టి అంచనా వేయాలి. అడగవలసిన ప్రశ్న అడగకుండా దశాంశ స్థానంతో జవాబు ఇచ్చే సేవ, అందులోని సూత్రం సరైనదే అయినా, వాడేవారిని పక్కదారి పట్టిస్తుంది.

2. తెర వెనక ఉన్న సూత్రాలు

ఈ సేవలు కొత్తవి. వాటిలోని శాస్త్రం మాత్రం పాతది. ఉక్కును ఒక స్థిర ఉష్ణోగ్రత దగ్గర ఉంచితే ఆస్టెనైట్ ఎంతసేపటికి ఏ రూపంలోకి మారుతుందో డావెన్‌పోర్ట్, బెయిన్ 1930లో పటాలుగా చూపారు. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కడ్డీని వేడిచేసి, ఒక కొసమీద మాత్రమే నీటిధార పడేలా చల్లార్చి, పొడవునా కాఠిన్యత కొలిచే జోమిని పరీక్ష 1938లో వచ్చింది. ఉక్కు రసాయన సంఘటనం నుంచి దాని గట్టిపడే సామర్థ్యాన్ని లెక్కించే పద్ధతిని గ్రాస్‌మన్ 1942లో ఇచ్చాడు. టెంపరింగ్ ఉష్ణోగ్రతను, కాలాన్ని ఒకే అంకెలోకి కలిపే సూత్రాన్ని హాలొమన్, జాఫ్ 1945లో ప్రతిపాదించారు. మార్టెన్‌సైట్ పరిమాణానికి కోయిస్టినెన్, మార్‌బర్గర్ల సమీకరణం 1959 నాటిది. మార్టెన్‌సైట్ ఏర్పడటం మొదలయ్యే ఉష్ణోగ్రతకు ఆండ్రూస్ సూత్రం 1965 నాటిది.

వీటిలో చాలావాటిని మనం అనుభావిక సూత్రాలు అంటాం. ఎన్నో ఉక్కు నమూనాలను కొలిచి, ఆ కొలతలకు సరిపడేలా గుణకాలను ఎంచుకుని కట్టిన సూత్రాలివి. ఏ నమూనాల మీద కట్టారో, ఆ పరిధిలోనే వాటి మాట చెల్లుతుంది. ఆ పరిధిని మూలవ్యాసం రాసినవారు చెప్పే ఉంటారు. సూత్రం వ్యాసం నుంచి పుస్తకంలోకి, పుస్తకం నుంచి ప్రోగ్రాములోకి చేరేసరికి చాలాసార్లు గుణకాలు మిగిలి, పరిధి జారిపోతుంది.

ఆండ్రూస్ సూత్రాన్ని మాటల్లో ఇలా చెప్పవచ్చు. 539 నుంచి, కార్బన్ శాతానికి 423 రెట్లు, మాంగనీస్ శాతానికి 30.4 రెట్లు, నికెల్ శాతానికి 17.7 రెట్లు, క్రోమియం శాతానికి 12.1 రెట్లు, మాలిబ్డినం శాతానికి 7.5 రెట్లు తీసివేయాలి. మిగిలినదే మార్టెన్‌సైట్ మొదలయ్యే ఉష్ణోగ్రత, డిగ్రీల సెల్సియస్‌లో. గుణకాలను ఒకదానితో ఒకటి పోల్చి చూడండి. కార్బన్ ప్రభావం మిగతా అన్నిటికన్నా ఎన్ని రెట్లు ఎక్కువో ఒక్క చూపులో తెలుస్తుంది. ఇటువంటి సూత్రాల అసలు మేలు ఇదే. ఇప్పుడు ఈ సూత్రాన్నే తీసుకుని గణన సేవను పరీక్షిద్దాం.

3. ఒకే పేరు, అనేక ఉక్కులు

షాఫ్టులకు, గేర్లకు, బోల్టులకు విరివిగా వాడే 42సీఆర్‌ఎంఓ4 అనే ఉక్కును తీసుకోండి. మన బజార్లలో ఈఎన్ 19 అని అడిగే ఉక్కు దీనికి దగ్గరిది. యూరోపియన్ ప్రమాణం ప్రకారం ఇందులో కార్బన్ 0.38 నుంచి 0.45 శాతం, మాంగనీస్ 0.60 నుంచి 0.90 శాతం, క్రోమియం 0.90 నుంచి 1.20 శాతం, మాలిబ్డినం 0.15 నుంచి 0.30 శాతం ఉండవచ్చు.

చాలా గణన సేవల్లో ఉక్కు పేరు ఎంచుకోగానే గడులు వాటంతట అవే నిండిపోతాయి. సాధారణంగా వచ్చేవి మధ్య విలువలు. ఆ విలువలతో ఆండ్రూస్ సూత్రం 326.3 డిగ్రీలు అని చెబుతుంది. అన్నీ కనిష్ఠ విలువలైతే 348 డిగ్రీలు వస్తుంది. అన్నీ గరిష్ఠమైతే దాదాపు 305 డిగ్రీలు వస్తుంది. మూడూ 42సీఆర్‌ఎంఓ4 ఉక్కులే. మూడింటికీ అదే పేరుతో ధ్రువపత్రం వస్తుంది. మధ్య తేడా మాత్రం 43 డిగ్రీలు. అలాంటప్పుడు 326.3లో చివరనున్న 3కి అర్థమేమిటో ఆలోచించండి.

గట్టిపడే సామర్థ్యం విషయంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. గ్రాస్‌మన్ పద్ధతిలో ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క గుణకం ఉంటుంది. ఆ గుణకాలను కూడరు, ఒకదానితో ఒకటి గుణిస్తారు. వచ్చే ఫలితాన్ని ఆదర్శ సందిగ్ధ వ్యాసం అంటారు. ఉపరితలం ఆ క్షణంలోనే ద్రవం ఉష్ణోగ్రతకు పడిపోయేంత తీవ్రంగా చల్లార్చితే, కేంద్రంలో సగం మార్టెన్‌సైట్ ఏర్పడే కడ్డీ వ్యాసం అది. రేణు పరిమాణ సంఖ్య 7గా, సిలికాన్ 0.25 శాతంగా ఉంచి నేను లెక్కవేసిన ఫలితాలు ఇవి:

కనిష్ఠ సంఘటనానికి: సుమారు 78 మిల్లీమీటర్లు.
మధ్య సంఘటనానికి: సుమారు 122 మిల్లీమీటర్లు.
గరిష్ఠ సంఘటనానికి: సుమారు 183 మిల్లీమీటర్లు.

అన్ని మూలకాలూ ఒకేసారి కనిష్ఠంలోనో, గరిష్ఠంలోనో ఉండటం అరుదు. అందుకే గట్టిపడే సామర్థ్యానికి ఇరుకైన పట్టీని హామీ ఇచ్చే ఉక్కులను కూడా కంపెనీలు అమ్ముతాయి. అయినా, పేరును మాత్రమే నమ్మి కొన్న కడ్డీ ఈ 78కీ 183కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మధ్య విలువతో లావుపాటి షాఫ్టు కేంద్రం దాకా గట్టిపడుతుందని లెక్క చెప్పవచ్చు. మీ చేతిలో ఉన్నది కిందివైపు ఉక్కు అయితే, ఉపరితలం గట్టిపడి లోపల మెత్తగా మిగిలిపోతుంది. ఉపరితలం మీద మాత్రమే కాఠిన్యత కొలిస్తే ఈ సంగతి బయటపడదు కూడా.

ఇందులో సూత్రం తప్పు లేదు. “మీ కడ్డీ ధ్రువపత్రంలోని అసలు విశ్లేషణ మీ దగ్గర ఉందా?” అని అడగకుండా సేవ తనంతట తాను గడులు నింపడమే లోపం. సౌకర్యం కోసం చేసిన ఏర్పాటే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్నను దాచేసింది.

4. హద్దు దాటినా ఆగని లెక్క

ఆండ్రూస్ సూత్రాన్ని కట్టిన ఉక్కుల్లో కార్బన్ సుమారు 0.6 శాతం దాకా మాత్రమే ఉంది. ఇప్పుడు ఆ గడుల్లో బాల్ బేరింగు ఉక్కు సంఘటనాన్ని నింపి చూడండి: కార్బన్ 1.0 శాతం, మాంగనీస్ 0.35 శాతం, క్రోమియం 1.5 శాతం. 539 నుంచి 423 పోతుంది, ఆపైన 10.6 పోతుంది, ఆపైన 18.2 పోతుంది. మిగిలేది సుమారు 87 డిగ్రీలు.

ఈ 87ను కోయిస్టినెన్, మార్‌బర్గర్ల సమీకరణంలో పెడితే, 25 డిగ్రీల గది ఉష్ణోగ్రతకు చల్లార్చిన తరవాత కూడా ఉక్కులో సగం ఆస్టెనైట్‌గానే మిగిలిపోతుందని వస్తుంది. అదే నిజమైతే ఆ ఉక్కుతో బేరింగులు తయారు చేయడమే కుదరదు. వాస్తవంలో ఈ ఉక్కును 845 డిగ్రీల ప్రాంతంలో వేడిచేసి నూనెలో చల్లార్చితే మార్టెన్‌సైట్ 200 డిగ్రీలకు పైనే మొదలవుతుంది. మిగిలే ఆస్టెనైట్ కూడా సగానికి చాలా తక్కువే.

తేడా ఎక్కడ వచ్చింది? ఉక్కులోని కార్బన్ అంతా ఆస్టెనైట్‌లో కరిగిందని సూత్రం అనుకుంటుంది. బేరింగు ఉక్కులో ఆ ఉష్ణోగ్రత దగ్గర కార్బన్‌లో కొంత భాగం కార్బైడు రేణువులుగానే ఉండిపోతుంది. ఆస్టెనైట్‌లోకి చేరిన కార్బన్ తక్కువ కాబట్టి మార్టెన్‌సైట్ ముందుగానే, అంటే ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మొదలవుతుంది. వేడిచేసే ఉష్ణోగ్రతను పెంచితే కార్బైడ్లు ఇంకా కరిగి ఈ ఉష్ణోగ్రత దిగిపోతుంది. అంటే ఈ ఉక్కుకు జవాబు సంఘటనం మీద మాత్రమే కాక, దాన్ని ఎంతవరకు వేడిచేశారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. సంఘటనాన్ని మాత్రమే అడిగే గడులతో ఆ జవాబు రాదు.

మంచి సేవ అయితే 1.0 అని నింపగానే “ఈ విలువ సూత్రం పరిధిలో లేదు” అని ఆగాలి. ఆగకుండా 87 అని చెప్పే సేవకు, ఆగే సేవకు మధ్య తేడా మీకు తెలిసిన ఉక్కుతో మాత్రమే బయటపడుతుంది. అందుకే కొత్త సేవ ఏదైనా చేతికొచ్చినప్పుడు ముందుగా దాన్ని తెలిసిన జవాబుతో పరీక్షించండి. ఆ తరవాత కావాలనే హద్దు దాటించి చూడండి. అది ఆగుతుందో లేదో చూస్తే ఆ సేవ గుణం సగం తెలిసిపోతుంది.

5. గడిలో పట్టని సంగతులు

చల్లార్చే ద్రవం అనే గడిలో సాధారణంగా మూడు నాలుగు ఎంపికలు ఉంటాయి: నీరు, నూనె, గాలి, ఉప్పునీరు. గ్రాస్‌మన్ పద్ధతిలో ప్రతి ద్రవానికీ చల్లార్పు తీవ్రత అనే అంకె ఉంది. కదలకుండా ఉన్న నీటికి అది దాదాపు 1. కదలని నూనెకు 0.25 నుంచి 0.30. నూనెను బాగా కదిలిస్తే 0.4 నుంచి 0.5. చాలా బలంగా కదిలిస్తే 0.8 దాకా పోతుంది. “నూనె” అన్న ఒక్క మాటలో ఇంత తేడా ఉంది. ముక్కను తొట్టిలో వదిలేసి ఊరుకున్నారా, పట్టకారుతో పట్టుకుని తిప్పారా, తొట్టిలో పంపు ఉందా అని ఎవరూ అడగకపోతే, సేవ తనకు తోచిన విలువ ఒకటి వేసుకుంటుంది. ఆ విలువ ఎంతో మీకు చూపిస్తే ఫరవాలేదు. చూపించకపోతే మీ తొట్టికి, ఆ లెక్కకు సంబంధం లేదని అనుకోవాలి.

నీటి ఉష్ణోగ్రత కూడా ఇలాంటిదే. ఎర్రగా కాలిన ముక్క నీటిలో పడగానే దాని చుట్టూ ఆవిరి పొర కమ్ముకుంటుంది. ఆ పొర ఉన్నంతసేపు వేడి నెమ్మదిగానే బయటికి పోతుంది. పొర చెదిరి నీరు ముక్కను తాకి మరిగినప్పుడే చల్లార్పు వేగం అందుకుంటుంది. నీరు వేడెక్కినకొద్దీ ఆవిరి పొర ఎక్కువసేపు నిలుస్తుంది. పుస్తకాల్లోని విలువలు ఎక్కువగా గది ఉష్ణోగ్రతలో ఉన్న నీటికి చెందినవి. మే నెలలో, రేకుల షెడ్డులో, అప్పటికే పది ముక్కలు పడిన తొట్టిలో ఉన్న నీరు ఆ నీరు కాదు. నూనె సంగతి దీనికి భిన్నం. కొంత వేడెక్కితే నూనె పలచబడి ఇంకా బాగా చల్లారుస్తుంది. ఒకే గడిలో పక్కపక్కన ఉన్న రెండు ద్రవాలు వేడికి ఎదురెదురుగా స్పందిస్తాయి. గడికి ఆ సంగతి తెలియదు.

టెంపరింగ్ కాలం గడి ఇంకా అమాయకంగా కనిపిస్తుంది. హాలొమన్, జాఫ్ సూత్రంలో ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చి, గంటల్లో ఉన్న కాలం సంవర్గమానానికి 20 కలిపి, రెండింటినీ గుణిస్తారు. 600 డిగ్రీల దగ్గర ఒక గంటకు వచ్చే అంకె 17,460. కాలాన్ని రెండు గంటలు చేస్తే సుమారు 17,723. కాలం మార్చకుండా ఇదే అంకె రావాలంటే ఉష్ణోగ్రతను 613 డిగ్రీలు చేస్తే చాలు. అంటే కాలాన్ని రెట్టింపు చేయడమూ, ఉష్ణోగ్రతను 13 డిగ్రీలు పెంచడమూ ఒక్కటే.

దీన్ని తిప్పి చదవండి. కొలిమిలోని థర్మోకపుల్ 13 డిగ్రీలు తప్పు చూపిస్తే, మీరు కాలాన్ని రెట్టింపు చేసినట్టో, సగం చేసినట్టో అవుతుంది. ఇక ఆ ఒక గంట ఎవరి గంట? కొలిమి తలుపు మూసినప్పటి నుంచా, ముక్క కేంద్రం 600 డిగ్రీలకు చేరినప్పటి నుంచా? సన్నని పిన్నుకు ఈ రెండింటికీ తేడా స్వల్పం. 100 మిల్లీమీటర్ల షాఫ్టుకు అది చాలా ఎక్కువ. సూత్రానికి కావలసింది లోహం చూసిన కాలం. పనివాడు నింపేది గడియారం చూపిన కాలం. గడి పక్కన ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ పొరపాటు జరగదు.

ఇక్కడ ఒక పోలిక చెప్పడం ఉపయోగం. కొలిమి దగ్గర కమ్మరికి సూత్రాలు తెలియకపోవచ్చు. కానీ ఆయన ఇనుము రంగు చూస్తాడు, నీళ్లలో ముంచినప్పటి చప్పుడు వింటాడు, మెరుగుపెట్టిన అంచుమీద గడ్డిరంగు నుంచి నీలం దాకా పాకే పొరను చూసి సరిగ్గా ఆపుతాడు. ఆయన లెక్క ఆ ముక్కకు సంబంధించినది. గణన సేవ లెక్క ఆ పేరుగల ఉక్కులన్నిటికీ సంబంధించినది. కమ్మరి పద్ధతి వంద ముక్కలకు ఒకేలా పనిచేయదు, ఇంకొకరికి అప్పగించడమూ కష్టమే. ఆ లోటు తీర్చడానికే సూత్రాలు వచ్చాయి. అయితే ముక్కను చూడటం అనే పనిని సూత్రాలు రద్దు చేయలేదు.

6. కాఠిన్యత సరిగా వచ్చినా ముక్క విరిగితే

ఇంతవరకు చూసినవి అంకెలో వచ్చే తేడాలు. ఇప్పుడు చెప్పేది అంతకన్నా తీవ్రమైనది. అంకె సరిగ్గా వచ్చినా ముక్క పనికిరాకుండా పోయే సందర్భాలున్నాయి.

42సీఆర్‌ఎంఓ4 ముక్కకు రాక్‌వెల్ సి కొలమానంలో సుమారు 50 కాఠిన్యత కావాలనుకోండి. టెంపరింగ్ ఉష్ణోగ్రత సుమారు 315 డిగ్రీలని లెక్క చెబుతుంది. కాఠిన్యత వరకు అది సరైన జవాబే. కానీ సుమారు 250, 400 డిగ్రీల మధ్య టెంపరింగ్ చేసిన ఇటువంటి ఉక్కుల్లో దెబ్బకు తట్టుకునే శక్తి పెరగడానికి బదులు తగ్గిపోతుంది. దీన్ని మార్టెన్‌సైట్ టెంపరింగ్ పెళుసుదనం అంటారు. కాఠిన్యత వక్రరేఖ ఈ ప్రాంతంలో నున్నగా కిందికి దిగుతూ పోతుంది. అందులో ఏ గుంటా కనిపించదు. గుంట ఉండేది దృఢత్వ వక్రరేఖలో. కాఠిన్యత మాత్రమే లెక్కించే సేవ ఆ రేఖను గీయదు. కదలని భాగానికి ఇది ఫరవాలేకపోవచ్చు. దెబ్బలు తినే భాగానికి 315 డిగ్రీలు ప్రమాదం.

రెండో రకం పెళుసుదనం సుమారు 375, 575 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచినప్పుడు, లేదా ఆ మధ్య నుంచి నెమ్మదిగా చల్లార్చినప్పుడు వస్తుంది. భాస్వరం, తగరం, ఆంటిమొనీ, ఆర్సెనిక్ వంటి మాలిన్యాలు రేణు సరిహద్దుల దగ్గర చేరడం దీనికి కారణం. గణన సేవల గడుల్లో ఈ మూలకాలు సాధారణంగా ఉండవు. టెంపరింగ్ తరవాత ఎలా చల్లార్చారన్న ప్రశ్నా ఉండదు.

మూడోది పగుళ్లు. నూనెలో చల్లార్చితే కేంద్రంలో కాఠిన్యత చాలదని సేవ చెప్పిందనుకోండి. విద్యార్థి ఏం చేస్తాడు? గడిలో “నూనె” తీసి “నీరు” పెడతాడు. అంకె పైకి లేస్తుంది. సమస్య తీరినట్టు కనిపిస్తుంది. కానీ 0.42 శాతం కార్బన్ ఉన్న మిశ్రలోహపు ఉక్కు, అందులోనూ తాళపు గాడి, మెట్టు, రంధ్రం ఉన్న షాఫ్టు, నీటిలో పగలడానికి ఎంతో అవకాశం ఉంది. గాడి మూల దగ్గర మొదలైన సన్నని పగులు కంటికి కనిపించదు. ముక్క తనిఖీ దాటి బండిలోకి పోతుంది. లెక్కలో నీటికి మారడానికి ఖర్చేమీ లేదు. కార్ఖానాలో ఆ ఖర్చు పగిలిన ముక్క రూపంలో వస్తుంది. రోడ్డు మీద అది ఎవరి ప్రాణం మీదికైనా రావచ్చు.

ఈ కారణంగానే నేను ఒక నియమాన్ని గట్టిగా చెబుతాను. లెక్కలో వచ్చిన అంకెను తనిఖీ నివేదికలో “పరీక్ష ఫలితం” అన్న గడిలో ఎప్పుడూ రాయకండి. ఆ గడి కొలిచిన అంకె కోసం ఉంది. యజమాని తొందరపెట్టినా, యంత్రం చెడిపోయి ఉన్నా, లెక్క నిన్నటిదాకా సరిగ్గానే వచ్చినా, ఈ నియమానికి మినహాయింపు లేదు.

7. మంచి సేవకు ఒక ఉదాహరణ

లోపాలు చెప్పడం తేలిక. మంచి సేవ ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ కలిసి నడిపిన మెటీరియల్స్ అల్గారిథమ్స్ ప్రాజెక్టు ఇందుకు మంచి ఉదాహరణ. ఉక్కు రూపాంతరాలను లెక్కించే ప్రోగ్రాములు ఎన్నో అందులో ఉన్నాయి. ఉక్కు శాస్త్రంలో ప్రసిద్ధులైన ఆచార్య హ్యారీ భదేషియా పరిశోధన బృందం పని అందులో ప్రముఖంగా కనిపిస్తుంది.

అక్కడ ప్రోగ్రాముకు తోడుగా ఒక వివరణ పత్రం ఉంటుంది. ఎవరు రాశారు, దేనికోసం రాశారు, ఏ వ్యాసంలోని సిద్ధాంతం, ఏ విలువలు ఏ ప్రమాణంలో ఇవ్వాలి, ఉదాహరణకు ఏమిస్తే ఏం రావాలి అన్నవి అందులో శీర్షికలవారీగా ఉంటాయి. వాటిలో రెండు శీర్షికలు మనకు ముఖ్యం. ఒకటి దోష సూచికలు, రెండోది ఖచ్చితత్వ అంచనా. కొన్ని పత్రాల్లో ఈ రెండో శీర్షిక కింద సమాచారం ఇవ్వలేదని మాత్రమే ఉంటుంది. అయినా ఆ శీర్షిక ఉండటమే ఒక విలువ. ఇక్కడ చెప్పవలసింది ఒకటుంది, అది చెప్పలేదు అని చదివేవారికి తెలుస్తుంది. ఆ ఖాళీ కూడా కనిపించని సేవల్లో, చెప్పవలసింది ఉందన్న సంగతే తెలియదు.

ఈ ప్రాజెక్టుకూ పరిమితులున్నాయి. అక్కడి ప్రోగ్రాములు ప్రధానంగా పరిశోధకుల కోసం రాసినవి. ఫోన్లో గడులు నింపి జవాబు చూసుకునే వీలు వాటికి లేదు. అందరికీ వాడుకోవడానికి తేలికగా ఉన్న సేవలు తమ హద్దులు చెప్పవు. హద్దులు చెప్పేవి అందరికీ అందవు. ఈ రెండు గుణాలూ ఒకచోట కలవడమే నేటి అవసరం. అది కష్టమైన పని కాదు. జవాబు పక్కన పట్టీ చూపడం, పరిధి దాటితే ఆగడం, వేసుకున్న ఊహలను ఒక పక్కన రాయడం, “ఈ లెక్క పగుళ్ల గురించి, పెళుసుదనం గురించి ఏమీ చెప్పదు” అని ఒక వాక్యం పెట్టడం. ఇంతే.

8. మీరెలా వాడుకోవాలి?

ఈ విమర్శ చదివి సేవలను పక్కన పెట్టేయకండి. పోలిక విషయంలో అవి చాలా నమ్మదగినవి. ఒక గడిని మాత్రమే మార్చి, మిగతావి అలాగే ఉంచి, జవాబు ఎటు కదిలిందో, ఎంత కదిలిందో చూడండి. కార్బన్ 0.05 శాతం పెరిగితే ఏమవుతుంది? మాలిబ్డినం తీసేస్తే ఏమవుతుంది? వ్యాసం రెట్టింపైతే ఏమవుతుంది? కొలిమి ముందు ఇలాంటి ప్రశ్నలకు వారాలు పడుతుంది, ఉక్కూ ఖర్చవుతుంది. గణన సేవ ముందు ఒక సాయంత్రం చాలు. ప్రయోగశాల దూరంగా ఉన్న విద్యార్థికి ఇది నిజమైన మేలు.

పనిలో వాడేటప్పుడు ఈ క్రమం పాటించండి. ధ్రువపత్రంలోని అసలు విశ్లేషణను నింపండి. అది లేకపోతే కనిష్ఠ, గరిష్ఠ సంఘటనాలతో రెండుసార్లు లెక్క వేసి, జవాబును పట్టీగా రాసుకోండి. లెక్క చెప్పిన చికిత్సను ముందు ఒకే ముక్క మీద చేయండి. కాఠిన్యత కొలవండి, వీలైతే ముక్కను కోసి కేంద్రంలో కూడా కొలవండి. లెక్కకూ, కొలతకూ తేడా ఎంతో నోటు పుస్తకంలో తేదీతో రాయండి. ఇరవై ముక్కల తరవాత మీ కొలిమికి, మీ తొట్టికి లెక్క ఎప్పుడూ ఒకవైపే తప్పుతోందా అన్నది తెలుస్తుంది. ఆ నోటు పుస్తకం విలువ ఏ సేవకూ లేదు. ఎందుకంటే అందులో మీ తొట్టి, మీ నూనె, మీ థర్మోకపుల్ ఉన్నాయి.

ఫోన్లో 54, ముక్క మీద 47 వచ్చిన విద్యార్థికి ఇప్పుడు మీరు జవాబు చెప్పగలరు. ఆ 7 అంకెల తేడాలో అతని కడ్డీ అసలు సంఘటనం, తొట్టిలో కదలిక, ఉపరితలంలో పోయిన కార్బన్, కొలిమి చూపిన తప్పు ఉష్ణోగ్రత, అన్నీ దాగి ఉన్నాయి. తేడాను చూసి కంగారు పడనక్కర్లేదు. ఏది ఎంత కారణమో ఒక్కొక్కటిగా వెతికితే, ఉష్ణచికిత్స అనే విషయాన్ని అతను నిజంగా నేర్చుకుంటాడు.

9. సారాంశం

గణన సేవలు 1930 నుంచి 1965 దాకా వచ్చిన అనుభావిక సూత్రాల మీద ఎక్కువగా ఆధారపడతాయి. ప్రతి సూత్రానికీ ఒక పరిధి ఉంది. ఉక్కు పేరు ఒక్కటే అయినా సంఘటనం మారితే మార్టెన్‌సైట్ మొదలయ్యే ఉష్ణోగ్రత 43 డిగ్రీల దాకా, ఆదర్శ సందిగ్ధ వ్యాసం రెట్టింపుకు పైగా మారవచ్చు. చల్లార్పు తీవ్రత, ద్రవం ఉష్ణోగ్రత, లోహం చూసిన అసలు కాలం గడుల్లో సరిగా పట్టవు. కాఠిన్యత సరిగా వచ్చినా పెళుసుదనం, పగుళ్లు ఉండవచ్చు. పోలికకు సేవను వాడాలి. నిర్ధారణకు పరీక్షనే వాడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కార్బన్ 0.40 శాతం, మాంగనీస్ 0.80 శాతం ఉన్న ఉక్కుకు ఆండ్రూస్ సూత్రంతో మార్టెన్‌సైట్ మొదలయ్యే ఉష్ణోగ్రత లెక్కించండి. (జవాబు: సుమారు 345 డిగ్రీలు)
2. బేరింగు ఉక్కుకు ఈ సూత్రం ఎందుకు తప్పు జవాబు ఇస్తుందో వివరించండి.
3. 550 డిగ్రీల దగ్గర ఒక గంట టెంపరింగ్‌కు సమానమైన ఫలితం రెండు గంటల్లో రావాలంటే ఉష్ణోగ్రత ఎంత తగ్గించాలి? (జవాబు: సుమారు 12 డిగ్రీలు)
4. మీకు అందుబాటులో ఉన్న ఏదైనా ఒక గణన సేవను తీసుకుని, అది అడిగే ప్రశ్నలను, అడగని ప్రశ్నలను రెండు పట్టికలుగా రాయండి. అడగనివాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఏదో కారణంతో చెప్పండి.